పెద్దమ్మగారి పూనకం

మా నాయన మా ఊళ్ళో ఒక ఆసామి దగ్గర ఇరవై రెండేళ్ళు జీతం చేశాడు. మిరపకి ఎప్పుడు తడి పెట్టాలో, ఏ ఎద్దుని ఎలపట కట్టాలో, నారు ఎన్నో రోజున పీకాలో ఆయన్ని అడిగి చేసుకునే చిన్న రైతులు ఉండేవాళ్ళు. అట్లాంటి మనిషికి ఆసామి భార్య రోజూ పొద్దున్నే వసారాలో కుర్చీ వేయించుకుని కూర్చుని వ్యవసాయం చెప్పేది. ఆమె చేలో కాలు పెట్టి ఎరగదు. మా నాయనకంటే పదేళ్ళు చిన్నది. "ఒరేయ్, తడి ఎక్కువైతే మిరప వేరు కుళ్ళుద్దిరా, తెలుసుకో" అనేది. నాయన మెట్లకి నాలుగు బారల దూరాన నిలబడి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, "అట్టాగేనమ్మా" అనేవాడు. అర్ధగంట సేపు అట్టాగేనమ్మా. తర్వాత చేలోకి పోయి తనకి తెలిసినట్టు చేసేవాడు. పంట బాగొస్తే ఆమె "నే చెప్పబట్టి" అనేది.

సాయంత్రం మాలపల్లెకొచ్చి, కాళ్ళు కడుక్కుని, నులకమంచం మీద కూర్చుని, అదే నాయన మా అమ్మకి పొగాకు గ్రేడింగు చెప్పేవాడు.

మా అమ్మ పదమూడో ఏట నుంచి గ్రేడింగుకి పోయింది. రంగుని బట్టి, మచ్చని బట్టి, పలచనా మందమా చూసి ఆకు వేరు చెయ్యటం ఆ పని. చూసి అన్నానుగానీ, అమ్మ చూసేది కాదు. పక్కనామెతో మాట్లాడుతూనే వేలితో తడిమి ఏ కుప్పలో పడాల్సిన ఆకు ఆ కుప్పలో పడేసేది. మధ్యాహ్నానికి చేతులు నల్లగా జిగురు పట్టి, ఎంత కడిగినా అన్నం చేదుగా ఉండేది. నాయన ఆ షెడ్డులో ఒక్క రోజు కూర్చున్నవాడు కాదు. అయినా చెప్పేవాడు. "మచ్చాకు మంచాకులో కలపబాక. మేస్త్రి పట్టుకుంటే కూలి కోస్తాడు. ముందు వెలుతురుకి పట్టి చూడాల" అంటా మొదలుపెట్టి, ఆకుని ఎట్టా పట్టుకోవాలో చేత్తో చూపించేవాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదలకుండా వినేది. అయిపోయినాక మా వైపు తిరిగి, "మీ నాయనకి పెద్దమ్మగారు పూనింది ఇయ్యాళ" అనేది. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. నాయన ఒక్కోసారి నవ్వేవాడు. ఒక్కోసారి చెంబు విసిరేవాడు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ మధ్య ఒక విద్యార్థుల సభలో ఒక కుర్రాడు లేచి నన్నొక ప్రశ్న అడిగాడు. "మేడమ్, కులం పేరు పెట్టి తిడితే కేసు పెడతాం. మరి మాటకి ముందు మగ అని తగిలించి, మగ అహంకారం, మేన్‌స్ప్లెయినింగ్ అని మమ్మల్ని అంటున్నారు. అది మాత్రం వివక్ష కాదా?" ఆడపిల్లలు ఊరుకోలేదు. ఒకమ్మాయి "ఇదిగో, ఇదే మేన్‌స్ప్లెయినింగ్" అంది. సభ గొల్లుమంది. నేనూ నవ్వి దాటేశాను. కానీ ఆ కుర్రాడు కూర్చున్న తీరు నాకు గుర్తుండిపోయింది. అట్లా కూర్చున్న ఇంకొక పిల్లవాణ్ణి నేనెరుగుదును. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఆ ఇంగ్లీషు మాట సంగతి. 2008లో రెబెకా సోల్నిట్ అనే అమెరికా రచయిత్రి ఒక వ్యాసం రాసింది. ఒక డబ్బున్న పెద్దమనిషి ఇంట్లో విందు. ఆమె ఒక ఫొటోగ్రాఫర్ మీద పుస్తకం రాశానని చెబితే, ఆయన మాట మధ్యలో తెంచి, అదే మనిషి మీద ఈ సంవత్సరమే ఒక ముఖ్యమైన పుస్తకం వచ్చింది తెలుసా అని ఆమెకే పాఠం మొదలుపెట్టాడు. ఆ పుస్తకం ఆమె రాసిందే. పక్కనున్న స్నేహితురాలు మూడు నాలుగుసార్లు చెబితేగానీ ఆయన చెవికెక్కలేదు. పైగా ఆయన పుస్తకం చదవనేలేదు, పత్రికలో సమీక్ష చదివాడు. ఆ వ్యాసం తర్వాత ఎవరో మగవాడు అనే మాటనీ వివరించటం అనే మాటనీ కలిపి మేన్‌స్ప్లెయినింగ్ అన్నారు. 2014కి నిఘంటువుల్లోకి ఎక్కింది. ఆ మాట సోల్నిట్ చేసింది కాదు. పైగా 2014లో ఆ వ్యాసం పుస్తకంగా వచ్చినప్పుడు, ఈ మాట మీద తనకి కొంత అనుమానం ఉందని ఆమే రాసింది. కొందరు మగవాళ్ళు చెయ్యకూడని చోట వివరిస్తారని కాకుండా, మగపుట్టుకలోనే ఆ లోపం ఉందన్నట్టు ఆ మాట వినిపిస్తుందని ఆమె అనుమానం.

ఈ అనుమానాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదని నా ఉద్దేశం. పుట్టుకలోనే ఉంది అనే మాట ఎంత దూరం పోతుందో మనకంటే ఎవరికి తెలుసు?

మాటలకి ముందు ఆడ, మగ, కులం తగిలించి మనుషుల్ని కొలవటం మన తెలుగుకి కొత్తగాదు. పిరికివాణ్ణి ఆడంగి అంటారు. ఎదురు తిరగనివాణ్ణి గాజులు తొడుక్కున్నావా అంటారు. ధైర్యంగా ఉన్న ఆడపిల్ల మగరాయుడు. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంట. నాయన పెద్దమ్మగారి రహస్యాలు ఊరంతా చెబుతుంటే మాత్రం దానికి సామెత లేదు. "ఆడ పెత్తనం, తంబళ దొరతనం" అని ఇంకోటుంది. తంబళ్ళు శివాలయాల్లో అర్చన చేసుకుని బతికే చిన్న కులం. ఆడదాన్నీ చిన్న కులాన్నీ ఒకే దెబ్బకి కొట్టిన సామెత అది. ఇద్దరికీ పెత్తనం ఎప్పుడిచ్చి చూశారు? ఇవ్వకుండానే ఫలితం చెప్పేశారు. ఇన్ని వందల ఏళ్ళు ఇన్ని మాటలు తిరుగుతుంటే భాషలో వివక్ష ఉందని ఎవరికీ తట్టలేదు. మగ అని ముందు పెట్టిన ఒక్క మాట వచ్చేసరికి భాష మీద అక్కర పుట్టుకొచ్చింది. స్త్రీవాద కవిత్వాన్ని నీలి కవిత్వమని ఈసడించినవాళ్ళకీ భాష మీద అక్కరే. 1993లో వచ్చిన స్త్రీవాద కవితా సంకలనం 'నీలిమేఘాలు' అని పేరు పెట్టుకుని నిలబడింది.

అందుకని ఆ కుర్రాడి ప్రశ్నకి "మీరు మమ్మల్ని ఎన్ని అన్నారు, మేం ఒకటంటే తప్పా" అని జవాబు చెప్పొచ్చు. సభల్లో చప్పట్లు కూడా వస్తాయి. కానీ అది లెక్క సరిచేసుకోవటమే, జవాబు కాదు. వాళ్ళ రాయి వాళ్ళ మీద వేస్తే రాయి రాయిగానే ఉంటుంది.

నేను ఆ రాయి మొదటిసారి వేసింది మా అన్న మీద. 1995 జులై. కారంచేడు జరిగి పదేళ్ళయిందని మా దగ్గరి పట్నంలో చిన్న సభ పెట్టుకున్నాం. మా అన్న అప్పటికి ఉద్యమంలో పేరున్నవాడు. నన్ను చదివించింది ఆయనే. నాయన జీతం మానిపించి ఇంటికి తెచ్చిందీ ఆయనే. నేను ఆ సభకి ఒక వ్యాసం రాసుకుని పోయాను. అందులో నేను రాసింది ఇంతే: కారంచేడులో తాగేనీళ్ళ చెరువుని మురికి చేస్తున్నవాళ్ళకి ఎదురు తిరిగి బిందె ఎత్తింది సువార్త అనే మాదిగ స్త్రీ. 1985 జులై 17న ఊరు మాదిగపల్లె మీద పడింది, ఆరుగుర్ని చంపింది, ఆడవాళ్ళని చెరిచింది. ఆ బిందెతో మొదలైన ఉద్యమం పదేళ్ళు నడిచినాక కూడా మన వేదికల మీద ఆడమనిషి ఎక్కడుందని అడిగాను.

చదివి దిగానో లేదో, మా అన్న మైకు తీసుకున్నాడు. "మా చెల్లి చెప్పదలుచుకున్నది ఏంటంటే" అన్నాడు. ఇరవై నిమిషాలు చెప్పాడు. నేను చెప్పదలుచుకున్నది దళిత స్త్రీలు ఉద్యమానికి వెన్నెముక అనంట. వాళ్ళ త్యాగం లేకపోతే మనం లేమంట. వేదిక మీద ఆడమనిషి ఎక్కడుందన్న ప్రశ్న ఆ ఇరవై నిమిషాల్లో ఎక్కడా లేదు. వేదిక మీదా లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నా వ్యాసానికి నాకే అర్థం చెప్పి, అందులోంచి నన్ను తీసేశాడు.

బస్టాండులో టీ తాగుతున్నప్పుడు అన్నాను: "నీది మగబుద్ధి అన్నా."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. చాలాసేపు మాట్లాడలేదు. "ఈ మాట ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మాయ్? నెల కింద వాళ్ళ మీటింగుకి పోయొచ్చావు. మనోళ్ళని కొట్టటానికి వాళ్ళింటి కర్ర తెచ్చావా?" అన్నాడు.

ఆయన అన్న మీటింగు నిజమే. నెల ముందు ఒక మహిళా సంఘం వాళ్ళు పిలిస్తే పోయాను. అన్ని కులాల ఆడవాళ్ళం అక్కచెల్లెళ్ళం అన్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకావిడ, మంచావిడే, నా పక్కన కూర్చుని దళిత స్త్రీల గురించి నాకు చెప్పింది. "మీ వాళ్ళల్లో నయమమ్మా. మారుమనువు ఉంది, మొగుడు కొడితే తిరిగి కొడతారు, బయటికెళ్ళి సంపాదించుకుంటారు. మాకే ఆ స్వేచ్ఛ లేదు" అని. నేను మా అమ్మ చేతుల గురించి, చేదు అన్నం గురించి చెప్పబోయాను. ఆవిడ నా భుజం మీద చెయ్యివేసి "నీకింకా చిన్నతనం, నేను పల్లెలు తిరిగాను" అంది. నా పల్లె గురించి నాకు. వసారా లేదు, కుర్చీ లేదు, ఇద్దరం ఒకే చాప మీద కూర్చున్నాం. అయినా నా నోట్లోంచి "అట్టాగేనండీ" అని వచ్చింది. మా నాయన గొంతు నాలోంచి వినిపించి ఉలిక్కిపడ్డాను.

ఆవిడ చేసినదాన్ని ఏమనాలి? మగ అనే మాట అక్కడ అతకదు. ఈ సంగతి అప్పుడు నేను అన్నకి చెప్పలేదు. చెబితే వాదన ఆయన గెలుస్తాడని. ఇద్దరం ఆర్నెల్లు సరిగ్గా మాట్లాడుకోలేదు. ఆ ఆర్నెల్లూ ఆయన తన రాతలు నాకు చూపించకుండానే పత్రికలకి పంపాడు. అంతకు ముందు ఒక్క కరపత్రం కూడా నేను చూడకుండా అచ్చుకి పోయేది కాదు.

గొడవ అమ్మ దాకా పోయింది. నేను అమ్మ దగ్గర కూర్చుని, అన్న చేసింది ఎందుకు తప్పో చెప్పటం మొదలుపెట్టాను. పితృస్వామ్యం అంటే ఏమిటో, నాయన నీ మీద చేసిన పెత్తనానికీ దీనికీ సంబంధం ఏమిటో, నువ్వు ఇన్నాళ్ళూ దాన్ని ఎట్లా గుర్తించలేదో అన్నీ చెప్పాను. అమ్మ ఆవులించి, "నీక్కూడా పూనిందే" అంది.

అక్కడ ఆగాను. తర్వాత చాలా ఏళ్ళు ఆ మాట చుట్టూ తిరిగాను. పుస్తకాలు చదివిన నేను మా నాయన రోగానికి మగబుద్ధి అని పేరు పెట్టాను. సంతకం కూడా రాని అమ్మ దానికి పెద్దమ్మగారు అని పేరు పెట్టింది. ఆ పేరు పైకులపు ఆడమనిషిది. అమ్మ లెక్కలో ఆ రోగం మగవాడిలో పుట్టింది కాదు. వసారా మీద పుట్టి, మెట్లు దిగి, నాయన భుజమెక్కి మా ఇంటికొచ్చింది. పొద్దున అట్టాగేనమ్మా అన్నవాడే సాయంత్రం మంచం మీద కూర్చుని అమ్మ చేత అట్టాగే అనిపించుకోవాలి. లేకపోతే ఆ అర్ధగంట ఎక్కడ కక్కుతాడు? పూనింది అనటంలో ఇంకో సంగతుంది. పూనకం వచ్చినట్టే పోతుంది. అది ఎవరికైనా వస్తుంది. నాయనకొచ్చింది, నాకొచ్చింది.

అయితే అమ్మ మాటని నేను పూజగదిలో పెట్టదలుచుకోలేదు. మాకసలు పూజగది లేదు, అది వేరే సంగతి. ఆ మాటలో ఒక సందుంది. పూనింది అంటే నాయన తప్పించుకుంటాడు. చెంబు విసిరిన చెయ్యి పెద్దమ్మగారిది కాదు, నాయనదే. పెద్దమ్మగారి ఎదుట తలగుడ్డ తీసినవాళ్ళు మా పల్లెలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు, తలగుడ్డ బదులు వంగిన నడుం. వాళ్ళు ఇంటికొచ్చి ఎవరికి గ్రేడింగు చెప్పారు? వాళ్ళకి మంచం లేదు. మంచం మీద కూర్చునే హక్కు నాయనకి మగవాడైనందుకే వచ్చింది. పెద్దమ్మగారు పూనటానికైనా ఇంట్లో ఒక ఎత్తు కావాలిగదా. ఆ ఎత్తు పేరు మగతనమే. దానికి పేరు పెట్టకుండా అంతా కులం నుంచే వచ్చిందంటే మన మగవాళ్ళకి సుఖంగానే ఉంటుంది. మా అన్నకీ సుఖంగా ఉండేది.

గోపాల్ గురు 1995లో దళిత స్త్రీలు వేరుగా మాట్లాడతారని ఇంగ్లీషులో వ్యాసం రాశాడు. ఆ మాటల్ని ఆయన ఎందుకు చెప్పాల్సి వచ్చిందని కొందరు అడిగారు. నాకైతే ఆ వ్యాసం చదివినప్పుడు కోపం రాలేదు. పైకులాల స్త్రీలు మా తరఫున మాట్లాడటం, మా మగవాళ్ళు మా తరఫున మాట్లాడటం, రెండూ ఉన్నాయని అందులో ఉంది. రెంటి మధ్యన ఉన్నవాళ్ళం మేం. మా చేతికి ఏ ఒక్క మాట ఇచ్చినా అది సగం దూరమే పోతుంది.

ఇక ఆ మాటనే విప్పి చూద్దాం. నేను అన్నని అన్నది మగబుద్ధి అని. బుద్ధి అంటే ఏమిటి? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. తెలుగులో బుద్ధి అనే మాట పుట్టుకకి అతుక్కుని ఉంటుంది. నేను రెండో తరగతిలో పలక పగలగొట్టుకుంటే పంతులు "మాలబుద్ధి ఎక్కడికి పోద్ది" అన్నాడు. పలక పగలటానికీ నా కులానికీ ఏం సంబంధమో ఏడేళ్ళ పిల్లకి తెలియలేదు. కానీ ఇంక ఎప్పుడు ఏది పగిలినా అది చేతి నుంచి కాదు, పుట్టుక నుంచే పగిలిందని లోపల ఎక్కడో నాటుకుంది. కులం పేరు ముందు పెట్టి, వెనక బుద్ధి అని తగిలిస్తే మనువు చెప్పిందంతా రెండు మాటల్లో ఇమిడిపోతుంది. నువ్వు చేసింది నువ్వు చేసింది కాదు, నీ జన్మ చేసింది. నువ్వు మారటానికి లేదు.

ఆ అచ్చులోనే మాల తీసేసి మగ పోశాను నేను. అన్న బాధపడింది అందుకే అనుకుంటాను. బుద్ధి అన్న చోట మనిషి చెయ్యగలిగింది ఏమీ లేదు. మగబుద్ధి అనేది వివక్ష మాటే. ఆడబుద్ధి ఎంత తప్పో అదీ అంతే తప్పు. ఆ కుర్రాడికి నేను ఒప్పుకోవాల్సింది ఇంతవరకే.

పెత్తనం అనే మాట చూడండి. పెత్తనం పుట్టుకతో రాదు. ఎవరో ఇస్తారు, ఎవరో చేస్తారు, ఎవరో పడతారు. ఇంకొకరు వచ్చి లాక్కోవచ్చు. ఊరి పెత్తనం, గుడి పెత్తనం, సంఘం పెత్తనం. మగపెత్తనం అంటే మగవాడికి ఈ లోకం అప్పగించిన కుర్చీ. ఆ కుర్చీలోంచి మా అన్న లేవగలడు. నేను ఆయన్ని మగపెత్తనం చేశావన్నా అని ఉంటే, అది ఆయన చేసిన పని మీద ఫిర్యాదు. కోపం వచ్చేదే. కానీ లేవమని అడిగినట్టు ఉండేది. (తర్వాత కొన్నేళ్ళకి అన్నాను కూడా. ఒక సభలో నా వంతు రాగానే మైకు నాకిచ్చి కూర్చున్నాడు. నేను దిగినాక మళ్ళీ లేచి "మా చెల్లి చెప్పింది ఏంటంటే" అన్నాడు. అయితే ఐదు నిమిషాలే.)

అంటే బుద్ధి తీసేసి పెత్తనం పెట్టుకుంటే సరిపోతుందా? నేనూ అట్లాగే అనుకున్నాను. పెత్తనం అన్నప్పుడు అది నిజంగా ఉందా లేదా చూడాలి. ఆ గదిలో, ఆ పూట, కుర్చీ ఎవరిది? లేని పెత్తనాన్ని ఉందని ఒకరి నెత్తిన పెడితే అది మా గుళ్ళో ఆదివారం బడిలో చెప్పిన అబద్ధసాక్ష్యం అవుతుంది. ఆ అబద్ధసాక్ష్యం నేను చెప్పాను.

2017లో. డిగ్రీ పిల్లలకి వృత్తిపదాల పాఠం చెబుతున్నాను. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల కోశం 1962లో వచ్చిందని, కమతం పనిలోని మాటలన్నీ అందులోకి ఎట్లా ఎక్కాయో చెప్పి, తోలు పని దగ్గరికొచ్చాను. తంగేడు చెక్క ఉడకబెట్టిన నీళ్ళలో తోలు నానబెట్టి వెంట్రుకలు ఊడగొడతారని చెప్పాను. వెనక బెంచీలో ఒక పిల్లవాడు లేచాడు. మాదిగ పిల్లవాడు. ఇంట్లో మొదట కాలేజీకి వచ్చినవాడు. అప్పటిదాకా నా క్లాసులో నోరు తెరవనివాడు.

"కాదు మేడమ్. వెంట్రుకలు ఊడేది సున్నంతోనండి. పచ్చితోలుని సున్నపునీళ్ళల్లో నానేస్తే వెంట్రుక వదులైద్ది. గీకి, సున్నం పోయేదాకా కడిగి, అప్పుడు లందలో చెక్కనీళ్ళల్లో ఏస్తారు. చెక్క వెంట్రుకలకి కాదండి, తోలు కుళ్ళకుండా ఉంటానికి" అన్నాడు. అంతటితో కూర్చోలేదు. వాళ్ళ తాత లంద ఎక్కడుండేదో, చెక్క ఎప్పుడు కొట్టుకొస్తారో, ఎన్నిసార్లు నీళ్ళు మారుస్తారో, రంపెతో ఎట్లా కోస్తారో, ఆరెతో ఎట్లా కుడతారో చెప్పుకుంటూ పోయాడు. చేతులు తిప్పుతూ చెప్పాడు. పది నిమిషాలయింది. ముందు బెంచీల్లో ఆడపిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. తోలు, లంద, కంపు. నాకు ఆ చూపులు తెలుసు. కానీ ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది 1995 నాటి మైకు.

"చూశారా అమ్మాయిలూ, ఆడమనిషి పాఠం చెబుతుంటే మగవాళ్ళు కూర్చోలేరు. దీన్నే మేన్‌స్ప్లెయినింగ్ అంటారు" అన్నాను.

క్లాసు గొల్లుమంది. ఎవరు ఎక్కువ నవ్వారో నేను చూశాను. ఆ పిల్లవాడు ఇంకా గాల్లోనే ఉన్న చేతులు దించి కూర్చున్నాడు. ఆ మాట అర్థం అతనికి తెలియదనుకుంటాను. మగవాళ్ళు అన్నది మాత్రం వినపడింది. ఆ సంవత్సరం మళ్ళీ లేవలేదు.

ఆ గదిలో కుర్చీ ఎవరిది? సుద్దముక్క నా చేతిలో. హాజరుపట్టీ నా చేతిలో. మార్కులు నా చేతిలో. నేను మాలదాన్ని, వాడు మాదిగ. ఈ చివరి మాట రాయటానికి నాకు చాలా రోజులు పట్టింది. 1994 జులై 7న ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు మా ఇంట్లో దాన్ని చీలిక అనే అన్నాం. మా అన్న అన్నాడు, నేనూ అన్నాను. మాదిగలకి ఏది మంచిదో వాళ్ళకి వివరిస్తూ ఎన్ని సాయంత్రాలు గడిపామో. వర్గీకరణ చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న చెప్పినాకగానీ, ఆ సాయంత్రాల్లో మాకు పూనింది ఎవరో నాకు తట్టలేదు. ముప్పై ఏళ్ళు.

ఇప్పుడు ఆ కుర్రాడు అన్న కేసు సంగతికి వస్తాను. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో మూడో సెక్షను, షెడ్యూల్డు కులానికీ తెగకీ చెందని మనిషి చేస్తే అనే మొదలవుతుంది. నలుగురి ఎదుట అవమానిస్తే నేరం అన్నా, 2015 సవరణ తర్వాత కులం పేరుతో దూషిస్తే నేరం అని విడిగా రాసినా, మొదలు అదే. ఎవరు ఎవర్ని అన్నారనేది చట్టమే చూస్తుంది. అన్న మాట ఒకటే అయినా, పైనుంచి కిందికి పడితే ఒక బరువు, కిందినుంచి పైకి విసిరితే ఒక బరువు. మగపెత్తనం అని ఒక ఆడది అనటాన్నీ, కులం పేరుతో తిట్టటాన్నీ ఒకే తక్కెట్లో పెట్టలేమనటానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు. అయితే అదే సెక్షను నేను ఆ పిల్లవాడికి చేసినదాన్ని చూడదు. ఒక షెడ్యూల్డు కులం మనిషి ఇంకో షెడ్యూల్డు కులం మనిషిని నలుగురి ఎదుట కూర్చోబెడితే ఆ చట్టంలో దానికి చోటు లేదు. చట్టం రెండు మెట్లు చూసింది. మేం నిలబడిన చోట ఇంకా చాలా మెట్లున్నాయి.

కాబట్టి అన్నని మగపెత్తనం అనే హక్కు నేను వదులుకోను. ఆ మాట పైకులపు ఆవిడ మా అన్న మీద ఎత్తితే మాత్రం, ముందు నీ వసారా దిగమ్మా అంటాను. ఇది పక్షపాతం కాదా అని అడిగితే నా దగ్గర పూర్తి జవాబు లేదు. అన్న నా వ్యాసం తీసుకున్నప్పుడు ఆ వేదిక ఆయనది. ఆవిడ ఎదుట మా అన్న నిలబడ్డ చోటు నాకు తెలుసు, అది మెట్లకి నాలుగు బారల దూరం. అయితే ఆ దూరంలో నిలబడ్డ మగవాడు ఆవిడ కూతురినో, వాళ్ళింట్లో పనిచేసే మా పిల్లనో ఏమైనా అంటే? అప్పుడు మళ్ళీ చూడాలి. ఒకసారి చూసి మాట జేబులో వేసుకుని తిరిగే వీలు లేదు.

నెల తర్వాత ఆ పిల్లవాణ్ణి స్టాఫ్‌రూముకి పిలిపించి, ఆ రోజు నేనన్నది తప్పని చెప్పాను. "పర్లేదు మేడమ్" అన్నాడు. కిటికీ వైపు చూస్తూ అన్నాడు. అవమానం అరవైమంది ఎదుట చేసి, క్షమాపణ తలుపు వేసి చెప్పాను. వాడు దాన్ని ఎంత తీసుకోవాలో అంతే తీసుకున్నాడు.

ఆ తర్వాత ఇంటర్నల్ పరీక్ష పెట్టాను. తోలు పని మీద ఒక ప్రశ్న ఇచ్చాను. వాడి కోసమే ఇచ్చాను, నిజం చెప్పాలంటే. తాత లంద గురించి రాస్తాడని. పేపరు దిద్దుతుంటే వాడిది వచ్చింది. గుండ్రటి అక్షరాలు. తంగేడు చెక్క ఉడకబెట్టిన నీళ్ళలో తోలు నానబెట్టి వెంట్రుకలు ఊడగొడతారు అని రాశాడు. నేను చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట తేడా లేకుండా. సున్నం లేదు.

చాలాసేపు ఎర్రపెన్ను పట్టుకుని కూర్చున్నాను. తర్వాత రైటు కొట్టి, ఐదుకి ఐదు వేశాను.